మూడు గేర్‌బాక్సులు, ఒక చల్లని కూలర్

ఆ పికప్ మా షాప్‌లోకి వచ్చినప్పుడు మీటర్ మీద 1,38,200 మైళ్ళు. కింద ఉన్నది మూడో ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కంపెనీ నుంచి వచ్చినది 1,12,000 మైళ్ళు మోసింది. దాని చోట వేరే షాప్ వాళ్ళు ఎక్కించిన రీబిల్ట్ బాక్స్, అంటే పాతది విప్పి కొత్త భాగాలతో మళ్ళీ కట్టినది, 19,000 మైళ్ళకే పోయింది. వారంటీ కింద పెట్టిన ఇంకోటి 7,000 తిరిగేసరికి వణకడం మొదలుపెట్టింది. ఓనర్ తాళం చేతికిచ్చి, "బాక్సులే నాసిరకం వస్తున్నాయి, ఈసారి మంచి కంపెనీది చూసి వెయ్యండి" అన్నాడు. నాకు మాత్రం ఆ మూడు అంకెలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. 1,12,000, తర్వాత 19,000, తర్వాత 7,000. నాసిరకం బాక్సులైతే ఒకటి త్వరగా పోతుంది, ఒకటి ఆలస్యంగా పోతుంది. ఇలా ఒకదాని కంటే ఒకటి ముందుగా చచ్చిపోతున్నాయంటే, చంపేది బాక్స్ లోపల లేదు, బండిలోనే ఎక్కడో కూర్చుని ఉంది.

బండి వివరాలు చెబుతాను. వన్ టన్ డీజిల్ పికప్, వెనక నాలుగు టైర్ల డ్యూయలీ, ఫోర్ వీల్ డ్రైవ్, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇక్కడ తప్పు కంపెనీది కాదు, ఇదే సంగతి ఏ కంపెనీ బండిలోనైనా జరగొచ్చు. ఓనర్ చేసేది హాట్‌షాట్ పని. అంటే పెద్ద సెమీ ట్రక్కు అవసరం లేని అర్జెంటు లోడ్లు, పైపులు, మోటార్లు, చిన్న యంత్రాలు, గూస్‌నెక్ ట్రైలర్ (పికప్ వెనక తొట్టి మధ్యలో తగిలించే ట్రైలర్) మీద వేసుకుని రాష్ట్రాలు దాటించడం. మాది ఆరిజోనా వాయవ్య మూల. ఇక్కడ వేసవిలో గాలే 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది, రోడ్లేమో కొలరాడో నది ఒడ్డు నుంచి నిట్టనిలువుగా కొండల్లోకి ఎక్కుతాయి. గేర్‌బాక్స్ పని చేసే మెకానిక్‌కి ఇంతకంటే మంచి బడి ఉండదు.

ఓనర్ చెప్పిన రోగ లక్షణాలు మూడు. ఖాళీగా వెళ్ళేటప్పుడు ఏమీ లేదు. లోడుతో 45, 50 మైళ్ళ వేగంలో కాస్త ఎక్కుడు తగలగానే రోడ్డు అంచున ఉండే రంబుల్ స్ట్రిప్ మీద వెళ్తున్నట్టు బండి వణుకుతోంది. అయిదు నుంచి ఆరుకి మారేటప్పుడు ఇంజన్ ఒక్క క్షణం ఊరికే పైకి అరిచి కిందికి దిగుతోంది. పెద్ద ఘాట్ ఎక్కాక ఆగి మళ్ళీ డ్రైవ్‌లో వేస్తే బండి పట్టుకోడానికి ఆలస్యం చేస్తోంది. ఈ మూడూ విన్న ఏ మెకానిక్ అయినా లాకప్ క్లచ్ (ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా బిగించి కలిపేది) పోయింది, ఓవర్‌డ్రైవ్ క్లచ్ (పై గేర్లని పట్టి ఉంచేది) పోతోంది అని చెప్పేస్తాడు, అది నిజం కూడా. కానీ ముందటి షాప్ అప్పటికే రెండుసార్లు ఆ సమాధానం చెప్పి, ఆ పనే చేసింది.

ఆయన్ని లోపలినుంచి తింటున్న అనుమానం ఇంకోటి ఉంది. ముందటి షాప్‌లో ఎవరో "మీరు ఓవర్‌లోడ్ చేస్తున్నారు, అందుకే" అన్నారట. ఏడేళ్ళుగా ఇదే బండితో ఇల్లు నడుపుతున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంది. అందుకని నేను స్కానర్ పెట్టకముందే చేసిన పని, ఆయన్ని అదే లోడుతో ట్రక్ స్టాప్‌లో ఉన్న తూకం దగ్గరికి పంపడం. చీటీ తెచ్చాడు: ముందు యాక్సిల్ 4,850 పౌండ్లు, వెనక యాక్సిల్ 6,250, ట్రైలర్ యాక్సిళ్ళు 9,000. మొత్తం 20,100. ఆ తరగతి డ్యూయలీలకి ట్రక్కూ ట్రైలరూ కలిపి కంపెనీ ఇచ్చే హద్దు 30,000 పైమాటే. ఆయన కమర్షియల్ లైసెన్స్ అవసరం రాకుండా రేటింగులన్నీ కలిపి 26,000 లోపల ఉండేలా ట్రైలర్ ఎంచుకున్నాడు, ఆ జాగ్రత్త లోడు వెయ్యడంలోనూ పాటిస్తున్నాడు. ఓవర్‌లోడ్ అన్న మాట అక్కడితో కొట్టేశాను. తూకం చీటీ పన్నెండో పదిహేనో డాలర్ల ఖర్చు, అది లేకుండా ఎవరి మీదా ఆ నింద వెయ్యకూడదు.

స్కానర్‌లో మూడు కోడ్‌లు. పి0741, అంటే టార్క్ కన్వర్టర్ లాకప్ కమాండ్ ఇచ్చినా సరిగ్గా పట్టడం లేదు. పి0735, అంటే అయిదో గేర్‌లో లోపలికి వచ్చే వేగానికీ బయటికి వెళ్ళే వేగానికీ ఉండాల్సిన నిష్పత్తి లేదు, ఎక్కడో జారుతోంది. మూడోది పి0218, ఆయిల్ వేడి హద్దు దాటింది. మొదటి రెండూ జబ్బు పేర్లు. మూడోదాన్ని చాలామంది మొదటి రెండింటి ఫలితంగా చూస్తారు, క్లచ్ జారింది కాబట్టి వేడెక్కింది అని. అది తలకిందులుగా కూడా నిజం కావొచ్చు, వేడెక్కింది కాబట్టే క్లచ్ జారింది. ఏది ముందు, ఏది వెనక? ఆ బండి కేసు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

ఇక్కడ కాస్త ఆగి వేడి గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది, లాకప్ పట్టనంతసేపూ ఆ రెంటినీ కలిపేది ఆయిలే. ఒక ఫ్యాన్ ఇంకో ఫ్యాన్ మీదికి గాలి తోసి తిప్పినట్టు ఇంజన్ వైపు రెక్కలు ఆయిల్‌ని తోసి గేర్‌బాక్స్ వైపు రెక్కల్ని తిప్పుతాయి. ఈ పద్ధతిలో కొంత శక్తి దారిలోనే పోతుంది, పోయినదంతా వేడే. లెక్క వేసి చూడండి: ఎక్కుడులో ఇంజన్ 200 హార్స్‌పవర్ ఇస్తోంది, కన్వర్టర్ అందులో 85 శాతమే ముందుకి పంపుతోంది అనుకుంటే, మిగిలిన 30 హార్స్‌పవర్, అంటే దాదాపు 22 కిలోవాట్లు, ఆయిల్‌లోకి వెళ్తుంది. ఇక్కడ ఇళ్ళల్లో చలికాలం వాడే 1,500 వాట్ల రూమ్ హీటర్లు పదిహేను తెచ్చి ఒకే బక్కెట్టు ఆయిల్‌లో ముంచి స్విచ్ వేసినట్టు. లాకప్ పట్టిన క్షణం ఆ వేడి చాలావరకు ఆగిపోతుంది. లాకప్ పట్టనంతవరకు, లేదా పట్టీ పట్టనట్టు జారుతున్నంతవరకు, ఆ వేడిని బయటికి తీసుకెళ్ళేది కూలర్ ఒక్కటే.

అయితే వేడి ఎంతైతే ఎక్కువ? మా ట్రేడ్‌లో అందరం వాడే బండగుర్తు ఒకటుంది: 175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆయిల్ లక్ష మైళ్ళు బతుకుతుందనుకుంటే, ప్రతి 20 డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుంది. 195కి యాభై వేలు, 215కి పాతిక వేలు, 235కి పన్నెండున్నర వేలు. ఇది ల్యాబ్ లెక్క కాదు, సింథటిక్ ఆయిళ్ళు దీనికంటే మెరుగ్గా తట్టుకుంటాయి, కానీ దిశ మాత్రం తప్పదు. వేడికి ముందు ఆయిల్ తన గుణం పోగొట్టుకుంటుంది, తర్వాత వాల్వ్ బాడీలో (ఆయిల్‌ని ఏ క్లచ్‌కి పంపాలో మళ్ళించే భాగంలో) వార్నిష్ పొరలా అంటుకుంటుంది, రబ్బరు సీళ్ళు ప్లాస్టిక్‌లా గట్టిపడి ప్రెషర్ కారుస్తాయి, ప్రెషర్ తగ్గితే క్లచ్ ప్లేట్లు జారతాయి, జారితే ఇంకా వేడి. ఒకసారి ఆ చక్రంలో పడితే ఎక్కువ రోజులు పట్టదు.

సరే, బండి దగ్గరికి వద్దాం. లైన్ ప్రెషర్, అంటే గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడి, గేజ్ పెట్టి చూశాను. కంప్యూటర్ అడిగినంత ప్రెషర్ పంప్ ఇస్తోంది. పంప్ మంచిదే. ఆయిల్ లెవెల్ వేడి మీద, చదునైన నేల మీద, ఇంజన్ నడుస్తుండగా చూశాను, సరిగ్గానే ఉంది. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువుందని పోసేవాళ్ళని చాలామందిని చూశాను, ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి ఇంకో రోగం తెస్తుంది, దయచేసి అలా చెయ్యకండి. ఆయిల్ రంగు మాత్రం కాఫీ డికాక్షన్. తెల్ల పేపర్ టవల్ మీద ఒక చుక్క వేస్తే అంచులకి సాగకుండా మధ్యలోనే నల్లగా ముద్దలా నిలబడింది, మాడిన వాసన. 7,000 మైళ్ళ ఆయిల్ అది.

అప్పుడే కూలర్ లైన్ల మీద అనుమానం బలపడింది. ముందటి షాప్ బిల్లులు ఓనర్ అన్నీ దాచాడు, రెండింట్లోనూ స్పష్టంగా రాసి ఉంది, కూలర్ ఫ్లష్ చేశాం (లోపల కడిగాం), ఫ్లో టెస్ట్ చేశాం, పాస్ అని. నేను వాళ్ళని తప్పు పట్టను, పుస్తకంలో ఉన్న పనే చేశారు. గేర్‌బాక్స్ నుంచి కూలర్‌కి వెళ్ళే లైన్ మీద ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), తిరిగి వచ్చే లైన్ మీద ఇంకోటి కట్టి, పైన ఇన్సులేషన్ చుట్టి, వైర్లు క్యాబిన్‌లోకి లాగాను. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే చాలదా అని అడుగుతారు. మెరిసే లోహం మీద ఆ గన్ తప్పు చెబుతుంది, నిజం కంటే తక్కువ చూపిస్తుంది. అదే వాడాలంటే పైపు మీద నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక ముక్క అంటించి దాని మీద చూడాలి.

టెస్ట్‌కి మాకు దేవుడిచ్చిన రోడ్డు ఒకటుంది. డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై యూనియన్ పాస్ దాకా ఎక్కే స్టేట్ రూట్ 68. పదకొండున్నర మైళ్ళలో మూడు వేల అడుగుల ఎత్తు ఎక్కిస్తుంది. పికప్ కంపెనీలు తమ బండి ఇంత లాగుతుందని చెప్పుకోడానికి పాటించే ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణంలో ఎక్కుడు పరీక్ష పెట్టింది ఈ రోడ్డు మీదే: ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, డ్యూయలీ అయితే 35 మైళ్ళ వేగం కంటే తగ్గకుండా పైదాకా రావాలి. ఓనర్ లోడుతోనే, టో హాల్ మోడ్‌లో (బరువు లాగేటప్పుడు వాడే సెట్టింగ్), బయట 88 డిగ్రీలున్న రోజున ఎక్కాం. ఆయన నడిపాడు, నేను పక్కన అంకెలు రాసుకున్నాను.

కింద మొదలైనప్పుడు ప్యాన్‌లో, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే తొట్టిలో, ఆయిల్ 176. నాలుగో మైలు దగ్గర 204. ఏడో మైలు దగ్గర 221, అప్పుడే వణుకు మొదలైంది. పైకి చేరేసరికి 236. ఇవి డాష్‌బోర్డ్ మీద కూడా కనిపించే అంకెలే. అసలు విషయం లైన్ల దగ్గర ఉంది: వెళ్ళే లైన్ 248, తిరిగి వచ్చే లైన్ 245. మూడు డిగ్రీలు! 40 మైళ్ళ వేగంతో ఎదురు గాలి కొడుతుండగా కూలర్‌లోంచి తిరిగి వచ్చిన ఆయిల్ మూడంటే మూడు డిగ్రీలు చల్లబడింది. బాగున్న కూలర్ అయితే అక్కడ నలభై, యాభై డిగ్రీల తేడా కనిపించాలి.

పైన బండి పక్కకి తీసి ఆపించాను. ముందు గ్రిల్ సందులోంచి చెయ్యి పోనిచ్చి కూలర్‌కి వెళ్ళే పైపు పట్టుకున్నాను. ఒక్క వేలు తగిలిస్తేనే చర్మం ఊడిపోవాల్సిన పైపు అది. గట్టిగా గుప్పిట బిగించి పట్టుకున్నాను, గోరువెచ్చగా ఉంది. కూలర్ రెక్కల మీద అరచెయ్యి ఆనించాను, గాలికి చల్లగా ఉంది. వెనక నాలుగడుగుల దూరంలో ఆయిల్ 248 డిగ్రీలు కాగుతోంది, ఇక్కడ దాన్ని చల్లార్చాల్సిన భాగం ఏమీ ఎరగనట్టు పడుంది. ఓనర్‌ని పిలిచి ఆయన చెయ్యి కూడా పెట్టించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే ఇన్నాళ్ళూ..." అని ఆగిపోయాడు.

సంగతేమిటంటే, ఈ బండికి గేర్‌బాక్స్‌కీ కూలర్‌కీ మధ్య ఒక థర్మల్ బైపాస్ వాల్వ్ ఉంది. గుప్పెడంత అల్యూమినియం దిమ్మ, ఒక పక్క గేర్‌బాక్స్ లైన్లు రెండు, ఇంకో పక్క కూలర్ లైన్లు రెండు. లోపల మైనం నింపిన చిన్న గొట్టం. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు మైనం గట్టిగా ఉంటుంది, వాల్వ్ ఆయిల్‌ని కూలర్‌కి పంపకుండా అక్కడికక్కడే వెనక్కి తిప్పేస్తుంది, చలికాలం పొద్దున్నే గేర్‌బాక్స్ త్వరగా వెచ్చబడాలని. వేడెక్కితే మైనం కరిగి ఉబ్బి పిన్నుని తోస్తుంది, దారి మారి ఆయిల్ కూలర్‌లోకి వెళ్తుంది. ఇంజన్ థర్మోస్టాట్ లాంటిదే. మరి ఆ మైనం పనిచెయ్యకపోతే? ఆయిల్ ఎంత కాగినా వాల్వ్ దృష్టిలో ఎప్పుడూ జనవరి పొద్దునే.

ఇప్పుడు ఆ బిల్లుల్లో రాసిన రెండు మాటల దగ్గరికి రండి, ఈ కేసులో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ఫ్లష్ చేశాం అన్నారు. ఫ్లష్ మెషిన్‌లో ద్రవం చల్లగా ఉంటుంది. చల్లని ద్రవం బైపాస్ వాల్వ్‌కి తగిలితే, వాల్వ్ బాగున్నా సరే, కూలర్‌కి పోకుండా వెనక్కి తిరిగొస్తుంది. బయటికి శుభ్రంగా వస్తోంది, అయిపోయింది అని మెకానిక్ అనుకుంటాడు. కూలర్‌లోకి ఒక్క చుక్క వెళ్ళి ఉండదు. ఫ్లో టెస్ట్ కూడా అంతే. తిరిగి వచ్చే లైన్ విప్పి బక్కెట్లో పెట్టి, ఐడిల్‌లో ఇరవై సెకన్లలో ఒక క్వార్ట్ (దాదాపు ఒక లీటరు) పడితే పాస్ అంటాం. ఇక్కడా పడింది, ధారగా పడింది. అది కూలర్‌లోంచి వచ్చిందా, అడ్డదారిలో వచ్చిందా అన్నది బక్కెట్టుకి తెలియదు. రెండు పరీక్షలూ పాసై, రెండు కొత్త బాక్సులు ఒకే ఉరికొయ్యకి ఎక్కాయి. బైపాస్ ఉన్న బండికి ఫ్లష్ చెయ్యాలంటే వాల్వ్ పక్కన పెట్టి కూలర్‌కి నేరుగా గొట్టాలు తగిలించాలి, లేదా వేడి చేసిన ద్రవం వాడాలి. పాత బాక్స్ చెత్త నిజంగానే కూలర్‌లో ఇరుక్కున్న బండ్లలో ఈ పొరపాటు ఇంకా ప్రమాదం. కొత్త బాక్స్ ఎక్కించి నడపడం మొదలుపెట్టాక ఆయిల్ వేడెక్కి, వాల్వ్ తెరుచుకుని, ఆ చెత్తంతా కొత్త బాక్స్‌లోకి వచ్చి పడుతుంది.

షాప్‌కి తెచ్చి కూలర్ లైన్లు విప్పాను. నల్ల బురద వస్తుందని కింద పెద్ద ట్రే పెట్టాను. వచ్చింది ఎర్రటి ఆయిల్. కాస్త మందగించిన ఎరుపు, కానీ ఎరుపే. పక్కన ప్యాన్‌లోంచి తీసిన డికాక్షన్ రంగు ఆయిల్, ఇక్కడ కూలర్‌లోంచి ఎర్రగా. ఒకే బండి, రెండు రంగులు. రెండు గాజు సీసాల్లో పోసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను, ఇప్పటికీ ఉన్నాయి. రెండు గేర్‌బాక్సులు కాలి బూడిదవుతుంటే కూలర్‌లో ఉన్న ఆయిల్ కదలకుండా అక్కడే కూర్చుంది, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

వాల్వ్‌ని కూడా వదల్లేదు. గిన్నెలో నీళ్ళు పోసి హాట్‌ప్లేట్ మీద పెట్టి, ఒక పక్క పాత వాల్వ్ లోపలి గొట్టం, ఒక పక్క కొత్తది, మధ్యలో థర్మామీటర్. కొత్తదాని పిన్ను 165 దగ్గర కదలడం మొదలై 185కి పూర్తిగా బయటికి వచ్చింది. పాతది నీళ్ళు తెర్లినా కదల్లేదు. బయటికి తీసి పిన్ను వేలితో నొక్కితే ఎదురు లేకుండా లోపలికి పోయింది. మైనం ఎప్పుడో కారిపోయింది.

మరి ఎప్పుడు? ఇది తేలితేగానీ నాకు నిద్ర పట్టేలా లేదు, ఎందుకంటే మొదటి బాక్స్ వయసైపోయి పోయిందా, దాన్ని కూడా ఇదే చంపిందా అన్నది వేరే లెక్క. జవాబు ఓనర్ ఫోన్‌లో దొరికింది. మైళ్ళ లెక్క కోసం ఆయన ప్రతి లోడ్ దించాక డాష్‌బోర్డ్ ఫోటో తీస్తాడు. ఓడోమీటర్ కోసం తీసిన ఫోటోలవి, కానీ డాష్ స్క్రీన్ మూలన గేర్‌బాక్స్ వేడి కూడా పడింది. ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని కొన్ని వందల ఫోటోలు వెనక్కి తిప్పాం. 97,000 మైళ్ళ దాకా ఆ మూల అంకె 165, 172, 180, ఎండాకాలంలో 188. 98,000 దాటిన రెండు వారాల్లో 211. తర్వాత ఇంక 200 లోపుకి దిగిందే లేదు, ఖాళీగా వచ్చిన రోజుల్లో తప్ప. వాల్వ్ 98,000 దగ్గర పోయింది, మొదటి బాక్స్ ఆ తర్వాత 14,000 మైళ్ళు ఈడ్చింది. అప్పటిదాకా బాగున్న బాక్స్ అది. సరైన సమయంలో ఎవరైనా ఆ అంకె చూసి ఉంటే ఆ బాక్స్ ఇంకా ఎన్నో మైళ్ళు నడిచేదని నా నమ్మకం.

ఆయన అంకె చూడక కాదు. రోజూ చూశాడు. గేజ్‌లో ఎర్ర గీత 240 పైన ఎక్కడో ఉంది, ముల్లు అక్కడికి పోలేదు, వార్నింగ్ లైటు ఎప్పుడో ఒకసారి వెలిగి ఆరింది, కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాడు. ఎర్ర గీత అంటే ఇక ఆపకపోతే పాడవుతుందని చెప్పే గీత, దానికి ఒక్క డిగ్రీ తక్కువైతే ఆరోగ్యం అని కాదు. మీ బండికి, మీ లోడుకి, మీరు రోజూ ఎక్కే ఎక్కుడు మీద మామూలుగా ఎంత ఉంటుందో ఆ అంకె గుర్తుండాలి. అదే ఎక్కుడు, అదే లోడు, అదే ఎండ, అంకె ముప్పై డిగ్రీలు పెరిగిందంటే ఏదో మారింది. ఏమీ కుదరకపోతే ఈయనలాగా ఫోటో తీసి పెట్టుకోండి.

మూడో బాక్స్‌ని కాపాడలేకపోయాం. విప్పితే ఓవర్‌డ్రైవ్ క్లచ్ ప్యాక్‌లో ఫ్రిక్షన్ ప్లేట్ల మీద పూత అరిగిపోయి వేలితో గీకితే నల్ల పొడిలా రాలింది, స్టీల్ ప్లేట్ల మీద నీలం మచ్చలు. కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ అద్దంలా మెరుస్తోంది. ప్లేట్లు, సీళ్ళు, సొలెనాయిడ్ ప్యాక్ కొత్తవి, వాల్వ్ బాడీ వాక్యూమ్ టెస్ట్ చేసి వార్నిష్ కడిగి పెట్టాం, కన్వర్టర్ కొత్తది. పాత కన్వర్టర్‌ని కడిగి మళ్ళీ వాడదాం అని ఎవరన్నా ఒప్పుకోకండి, లోపల చెత్త ఎంత ఉందో ఎవరికీ కనిపించదు. కూలర్ మాత్రం మార్చలేదు. మాడిన బాక్స్ వస్తే నేను మామూలుగా కూలర్ తీసి పారేసి కొత్తది వేస్తాను, ఈ పొరల కూలర్లలో సన్నని దారుల్లో ఇరుక్కున్న పొడి ఏ ఫ్లష్‌కీ పూర్తిగా రాదు. ఇందులో ఆ పొడి అసలు చేరనేలేదు, ఎర్ర ఆయిలే చెప్పింది. వేడి ద్రవంతో నేరుగా కడిగి, ప్రెషర్ పెట్టి చూసి, అలాగే ఉంచాను, ఆయనకి నాలుగు వందల డాలర్లు మిగిలాయి. రిటర్న్ లైన్‌లో అయస్కాంతం ఉన్న ఫిల్టర్ ఒకటి పెట్టి వెయ్యి మైళ్ళకి మార్చాం. ఆయిల్ మాత్రం బండి కంపెనీ చెప్పిన స్పెసిఫికేషన్‌దే పోశాం. అన్ని బండ్లకీ సరిపోతుందని డబ్బా మీద రాసి ఉండే ఆయిల్ ఇలాంటి బాక్సులో నేను పొయ్యను. లాకప్ క్లచ్ వణకకుండా పట్టాలంటే ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ దానికి తగినదే ఉండాలి. చివరికి కంప్యూటర్‌లో పాత క్లచ్‌ల కోసం నేర్చుకున్న అడాప్టేషన్ విలువలు తుడిచి, కొత్తగా నేర్పించాం.

బైపాస్ వాల్వ్ దగ్గర ఓనర్‌తో చిన్న వాదన జరిగింది. చాలామంది ఆ వాల్వే తీసేసి ఎప్పుడూ కూలర్‌కే వెళ్ళేలా చేస్తారు, ఆయన కూడా అదే అడిగాడు. మా ఎండల్లోనే తిరిగే బండి అయితే నేనూ సరే అనేవాణ్ణి. కానీ ఆయన జనవరిలో వయోమింగ్‌కి లోడ్లు వేస్తాడు. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఆయిల్ ఎంతకీ వెచ్చబడకపోతే లాకప్ పట్టడం ఆలస్యమవుతుంది, చిక్కటి ఆయిల్‌తో షిఫ్టులు బండగా పడతాయి, లోపల చేరిన తేమ ఆవిరైపోదు. అందుకే కొత్త వాల్వే వేశాను. ధర 90 డాలర్ల లోపు. రెండో బాక్స్‌కి ఆయన చేతి నుంచి పోయింది 6,800. మూడోది వారంటీ కిందే వచ్చినా, బండి పదకొండు రోజులు నిలబడింది, హాట్‌షాట్ వాడికి బండి నిలబడితే కూలి నిలబడినట్టే.

మళ్ళీ అదే రోడ్డు, అదే లోడు, బయట 91. పైకి చేరేసరికి ప్యాన్‌లో 197. వెళ్ళే లైన్ 214, వచ్చే లైన్ 163. వణుకు లేదు. కూలర్ పైపు పట్టుకోబోయి వేలు తగలగానే చెయ్యి లాక్కున్నాను, ఈసారి అది కాల్చింది.

ఈ కేసు చెప్పినప్పుడల్లా ఏ కంపెనీ గేర్‌బాక్స్ మంచిది అని అడుగుతారు. 2001లో జీఎం డ్యూరామాక్స్ డీజిల్ ఇంజన్‌తో పాటు ఆలిసన్ 1000 గేర్‌బాక్స్ వచ్చినప్పుడు ఆ ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, 520 పౌండ్ ఫీట్. 2023లో ఫోర్డ్ హై అవుట్‌పుట్ పవర్ స్ట్రోక్ డీజిల్ 1,200కి చేరింది. మధ్యలో అయిదు గేర్లు ఆరయ్యాయి, 2020లో ఫోర్డ్, జీఎం పదికి వెళ్ళాయి, ర్యామ్ 2013 నుంచి ఐసిన్ బాక్స్ కూడా పెట్టి, 2025లో ఎనిమిది గేర్ల జడ్ఎఫ్‌కి మారింది. అందరి బాక్సులూ నేను విప్పాను, అందరివీ లక్షల మైళ్ళు నడిచినవి చూశాను, అందరివీ నలభై వేలకే మాడినవి చూశాను. టార్క్ రెండింతలు దాటితే క్లచ్‌ల మీద, ఆయిల్ మీద పడే భారం కూడా పెరుగుతుంది, కాబట్టి నేను మొదట చూసేది బాక్స్ పేరు కాదు, దాని వేడి ఎక్కడికి పోతోందో. లోడు లాగే బండికైతే ముప్పై, నలభై వేల మైళ్ళకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చమంటాను. జీవితాంతం మార్చక్కర్లేదు అనే మాట ట్రైలర్ తగిలించే బండికి వర్తించదు. ఎక్కుడులో అయిదుకీ ఆరుకీ మధ్య గేర్ ఊగిసలాడుతుంటే చేత్తో అయిదులో నిలపండి. మట్టి నేల మీద ట్రైలర్‌ని ఎత్తుకి రివర్స్ చెయ్యాల్సి వస్తే ఫోర్ వీల్ డ్రైవ్‌లోని ‘లో’ రేంజ్ వేసుకోండి, అక్కడ లాకప్ ఉండదు, గాలి ఉండదు, రెండు నిమిషాల్లో ఆయిల్ ఎంత కాగుతుందో గేజ్ చెప్పేలోపే పని అయిపోతుంది.

ఆయన ఇప్పటికీ లోడ్ దించాక ఫోటో తీస్తాడు, నెలకోటి నాకూ పంపుతాడు. మొన్న వచ్చినదాంట్లో 1,71,420 మైళ్ళు. నేను ముందు చూసింది మూలన ఉన్న అంకె. 183.